సొంత నోటితో చెప్పవలెను

మావారి కంపెనీ ఆసుపత్రిలో శుక్రవారం మా అత్తగారి కంటికి ఆపరేషన్. గుర్తింపు కార్డు లేనిదే గేటు దాటనివ్వరు. అందుకని బుధవారం పొద్దున్నే ఆవిడని సిటీ బస్సెక్కించి కార్డుల ఆఫీసుకి తీసుకెళ్ళాను.

ఇదివరకు ఉద్యోగి సంతకం పెడితే ఇంటిల్లిపాదికీ కార్డులిచ్చేసేవారు. ఎనభైమూడు వేసవిలో ఒకాయన తన తల్లి కార్డు మీద పక్కింటావిడకి పళ్ళన్నీ పీకించాడు. తర్వాత అసలు తల్లి పన్ను నొప్పితో వెళితే, రిజిస్టరు ప్రకారం ఆవిడకి పళ్ళు లేవన్నారు. అప్పట్నించి కొత్త రూలు. కార్డు ఎవరిదో వాళ్ళే వచ్చి, తమ పేరు, భర్త పేరు, రెండు పుట్టుమచ్చలు సొంత నోటితో చెప్పాలి. వెంట వచ్చినవాళ్ళు అందించకూడదు.

గుమాస్తా నరసింహమూర్తిగారు ఫైలు తెరిచారు.

"పేరు?"

"ఆదిలక్ష్మమ్మ."

మెడ మీదొకటి, మోచేతి మీదొకటి మచ్చలు చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, రెండూ నిజమేనని రాసుకున్నారు.

"భర్త పేరు?"

అత్తగారు నా వైపు తిరిగింది. "సెప్పవే గౌరీశ్వరీ."

"ఆవిడ చెప్పకూడదమ్మా. మీరే చెప్పాలి."

"మొగుడి పేరెత్తితే ఆయుస్సు తక్కువైపోదా బాబూ?"

"ఆయన పోయి ఆరేళ్ళయిందని ఫైల్లో ఉంది."

"పోతే? పరాయోడైపోనాడేటి?"

మా మామగారి పేరు సింహాద్రి. ఆ పేరు తగులుతుందని ఆవిడ సింహాచలం అని కూడా అనదు. కండక్టరుని "కొండకెళ్ళే బస్సేనా?" అని అడుగుతుంది. ఇప్పుడూ గుమాస్తాగారికి ఆనవాళ్ళు చెప్పింది. దేవుడున్న కొండ పేరని, మూడే అక్షరాలని.

"పొడుపుకథలకి కార్డివ్వం" అన్నారాయన. "మీ కోడలు చూడండి, ఫైలు తియ్యడానికి అడగ్గానే వాళ్ళాయన పేరు చెప్పారు."

"అది బియ్యే సదివింది బాబూ. మొగుడి పేరెత్తడానికే సదివించారు."

"సెప్పీ అమ్మా, నా సిఫ్టు టైమైపోతంది!" అని వెనక నించి ఎవరో అరిచారు.

పన్నెండున్నరకి కిటికీ మూసేస్తారు. గురువారం సెలవు. శుక్రవారం తప్పితే డాక్టరు మూడు నెలలకి గాని తేదీ ఇవ్వడు. చూపానక ఆవిడ ఆ నెల్లోనే రెండుసార్లు గడప తగిలి పడింది.

"రాసుకోండి సార్, గవర్రాజు" అన్నాను.

గవర్రాజు మామగారి తమ్ముడు. పెరట్లో మునగచెట్టు ఎవరిదన్న తగువుతో పదేళ్ళుగా ఆవిడకి అతనితో మాటల్లేవు.

నరసింహమూర్తిగారు ఫైలు వంకా, నా వంకా చూసి, కలం మూత తీశారు. ఆయనా సంసారే.

"గ... వ... ర్రా..."

"ఆపు!" బల్ల దద్దరిల్లింది. "ఆ మునక్కాడల దొంగ నాకు మొగుడేటి? నా మొగుడు సింహాద్రి!"

క్యూ అంతా విన్నది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని, పేరు అప్పటికే బయటికెళ్ళిపోయింది.

ఆయన ముద్ర వేసి, రెండో కాగితం తీశారు. "ఇది ఆసుపత్రి కాపీ. దీనికీ చెప్పాలి. భర్త పేరు?"

నేను మళ్ళీ గవర్రాజుని పిలవబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగు సర్దుకుంది.

"సింహాద్రి" అంది, పక్కగదిలో మనిషిని లేపినట్టు మెల్లగా.

ఆయన రాసుకుని, ముద్ర వేసి, కార్డు చేతికిచ్చారు. క్యూ ముందుకి జరిగింది. ఆవిడ జరగలేదు.

"ఇంకో కాపీ లేదేటి బాబూ?"