సెలవుల్లేని బడి

కజ్జికాయలు నూనెలో చిటపటమంటుంటే ఎక్కం తప్పు చెప్పినా అమ్మకి వినపడదనుకుంటాడు మా చిన్నోడు. "ఏడెనిమిదులు యాభై నాలుగు" అన్నాడు. "మళ్లీ చెప్పు" అన్నా, చిల్లుల గరిటెతో తిప్పుతా. వాడి అక్క ఏంజెలిన్ ఒక చేత్తో కొబ్బరి పూర్ణం తింటా ఇంకో చేత్తో భిన్నాలు చేస్తా ఉంది. ఆ రోజు డిసెంబరు ఇరవైమూడు. మిషన్ బడికి సెలవులిచ్చేసినారు, వీధిలో పిల్లలంతా స్టార్లు కట్టుకుంటా కేకలు పెడతన్నారు. మా ఇంటి బడికి మాత్రం సెలవుల్లేవు. "ఇంట్లో చదివే పిల్లలకి సెలవులేందే, వాళ్లకి చదువంటే ఆటే గదా" అన్నాడు మా ఆయన టైటస్. ఆటేనంట. మరి ఆడించేదానికి అలుపు రాదా?

ముందు గదిలో దుప్పటి ముసుగేసుకుని డెబోరా నిద్రపోతా ఉంది. డెబోరా మా మరిది పెళ్లాం, ఆ మిషన్ బళ్లోనే లెక్కల టీచరు, నాయుడుపేట నించి రోజూ రైల్లో వచ్చి పోద్ది. "పేపర్లు దిద్ది దిద్ది చెయ్యి పడిపోయిందక్కా" అంటా పండక్కి మా ఇంటికొచ్చింది, వచ్చినప్పట్నించి ఒకటే నిద్ర. మా అత్త చప్పుడు కాకుండా వంటింట్లోకొచ్చి, "ఎక్కాలు మెల్లగా చెప్పించు నవోమీ, ఆ పిల్ల ఉద్యోగం చేసి అలిసిపోయొచ్చింది" అనింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున ఐదింటికి లేచి ఇడ్లీ పొయ్యి ముందర ఒకరికి ఇంగ్లీషు, ఒకరికి తెలుగు చెప్పి, గుడ్డలుతికి, ఈ రెండొందల కజ్జికాయలకి పిండి పిసికిన నా చెయ్యి పడిపోలేదు గావాల! అసలా పిల్ల బీఎడ్ ఎంట్రన్సు పాసయిందే నా నోట్సు చదివి. నా చేతిరాత, నేను ఎర్ర పెన్నుతో గీసిన గీతలు. ఈర్ష్య అని బైబిల్లో ఉండే పెద్ద మాటెందుకు, కుళ్లు అంటే సరిపోద్ది. దాని హ్యాండుబ్యాగు మీద కుళ్లు, జీతమొచ్చిందని ఫోన్లో మోగే మెసేజీ మీద కుళ్లు, ఆఖరికి ఆ నిద్ర మీద కూడా. ముందురోజు అది స్నానానికి పోయినప్పుడు గోడకి తగిలించిన దాని ఐడీ కార్డు తీసి మెళ్లో వేసుకుని అద్దంలో చూసుకున్నా. కార్డులో ఫోటో దానిదే గదా. సిగ్గేసి గబగబా తీసేసినా.

నేనేం చదువు లేనిదాన్ని కాదు. ఎమ్మెస్సీ లెక్కలు. పెళ్లయినాక కూడా ఇక్కడే సూళ్లూరుపేటలో ఒక బళ్లో ఆరేళ్లు చెప్పినా. కరోనాకి బళ్లు మూసినప్పుడు మా ఆయన ఫోన్లో ప్రసంగాలు చూసీ చూసీ ఒకరోజు, "లోకం పాడైపోయింది నవోమీ, మన పిల్లలకి మనమే చెప్పుకుందాం, దేవుడి భయంలో పెంచుకుందాం" అన్నాడు. మనమే అన్నాడు గదా అని నేనూ సరే అన్నా. పొద్దున పది నిమిషాలు ప్రార్థన చేసి, "బాగా చదువుకోండి నాన్నా" అని మందుల షాపుకి పోతాడు. మళ్లీ రావడం రాత్రి తొమ్మిదికే. ఆ మధ్యలో ఉండే రోజంతా నాదే. అబద్ధం ఎందుకు చెప్పాల, నా బిడ్డలకి చెప్పుకోవడం నాకిష్టమే. ఏంజెలిన్‌కి ఒక లెక్క తట్టి మొహం వెలిగిందంటే నా కడుపు నిండిపోద్ది. కానీ ఐదేళ్లయింది, నేను పని చేస్తున్నానని ఒక్కళ్లన్నా అన్నారా? "నవోమికేమి, ఇంట్లోనే గదా ఉండేది" అంటారు. డెబోరా వాళ్ల అబ్బాయిని కూడా నా దగ్గరే కూర్చోబెట్టి పడుకునింది, సెలవుల హోంవర్కు చేయించమని.

నాలుగింటికి లేచొచ్చి, వేడి కజ్జికాయ ఒకటి కొరుకుతా అనింది డెబోరా: "అబ్బ, ఎంత బాగుందక్కా. అది సరేగానీ, మా బళ్లో పోస్టు నువ్వు వద్దన్నావంట గదా?"

"ఏం పోస్టు?"

"లెక్కల పోస్టే అక్కా. మా సీనియర్ మేడమ్ మానేస్తున్నారు. నీ పేరు నేనే చెప్పినా. వాళ్లు ఎగిరి గంతేసినారు. నీ ఫోన్ కలవకపోతే బావగారికి చేసినా, ఆయన నీకిష్టం లేదన్నాడు. రెండో తారీకు దాకా చూసి ఇంకొకరిని తీసుకుంటారంట."

గరిటె చేతిలోనే ఉండిపోయింది, వాయి మాడిపోయింది. చూడండి నా బుద్ధి, నాకు మొదట కోపమొచ్చింది డెబోరా మీద. నాకు ఉద్యోగం ఇప్పించేంత దానివైపోయినావా అని. మొగుడి మీద మండాల్సింది దాని మీద మండింది. ఇన్నాళ్లూ అట్టానే మండుతా వచ్చినా, అదే సులువు గాబట్టి.

సాయంత్రం, పండగని షాపు నించి పెందలాడే వచ్చి మేడ మీద స్టారు కడతన్న ఆయన్ని అడిగినా. "నన్నొక మాట అడగొద్దా?"

"అడిగేదేముంది? నువ్వు పోతే పిల్లలకి ఎవరు చెప్తారు?"

"మనమే అన్నావు."

"పండగ పూట రగడ పెట్టబాక నవోమీ. ఆ వైరు ఇట్టా అందీ."

వైరు అందించినా. నా మీద నాకే అసహ్యమేసింది.

క్రిస్మస్ నాడు పొద్దున ఆరాధనలో వాక్యం అయినాక మా చర్చిలో సాక్ష్యాలు చెప్తారు. ఒక్కో కుటుంబం లేచి నిలబడాల, మగాయన మైకు పట్టుకుంటాడు, ఆడామె కొంగు కప్పుకుని పక్కన నిలబడద్ది. మా వంతొచ్చింది. "ప్రభువు కృపను బట్టి ఐదేళ్ల నించి నా పిల్లలకి నేనే ఇంట్లో చదువు చెప్పుకుంటున్నాను. ఒక్క రోజు కూడా మానలేదు" అన్నాడు మా ఆయన. "స్తోత్రం!" అన్నారు జనం. నేనే అన్నాడు. మనమే గూడా పోయింది. పాస్టరు సంజీవరావు అయ్యగారు ముచ్చటపడి ఏంజెలిన్‌ని, "మరి మీ బళ్లో టీచర్ ఎవరు తల్లీ?" అని అడిగినారు.

"టీచర్ ఎవరూ లేరయ్యగారూ. అమ్మే" అనింది నా కూతురు.

అందరూ నవ్వినారు. మా ఆయనా నవ్వినాడు. పాపం దాని తప్పేముంది, ఇంట్లో విన్నదే అనింది. ఇది ఇట్టానే పెరిగితే రేపు దీన్నీ ఇట్టానే అంటారు గదా. ఆయన చేతిలో మైకు తీసుకున్నా. సాక్ష్యంలో చెప్పిన మాట మొక్కుబడి కింద లెక్క మా సంఘంలో. చెప్పినాక వెనక్కి తీసుకుంటే దేవుడికి అబద్ధమాడినట్టే, మొగుడు కాదు గదా పాస్టరు గూడా అడ్డం రాకూడదు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నాలో ఒక పాపం ఉండాది, ఒప్పుకోవాల. మా డెబోరా మీద నాకు కుళ్లు. దాని ఉద్యోగం మీద, దాని సెలవుల మీద, అలిసిపోయినానని అది పడుకునే నిద్ర మీద."

మా అత్త తల వంచేసుకుంది. "ప్రభువు క్షమిస్తాడమ్మా, కూర్చో" అంటా అయ్యగారు మైకు కోసం చెయ్యి చాపినారు.

"ఇంకా అయిపోలేదయ్యగారూ. దాన్ని చూసి కుళ్లుకోవడం మానేస్తున్నా. రెండో తారీకు నించి ఆ బళ్లోనే లెక్కలు చెప్పేదానికి పోతున్నా. మా పిల్లల చదువు గురించి ఎవరూ బెంగ పెట్టుకోబాకండి. వాళ్లకి చెప్పేది ఎవరో మా ఆయన మీ అందరి ముందరే ఇప్పుడు సాక్ష్యమిచ్చినారు."

ఆడోళ్ల చాపల మీద నించి మొట్టమొదట "ఆమేన్" అనింది డెబోరా.