ముందు నడిచిన బిడ్డ

ఏ. పళ్లిపట్టి ఊరి కూడలి దగ్గర ఒకే ఇంట్లో కాపురముండే ఇద్దరు తోడికోడళ్ళలో పెద్దామె యోగలక్ష్మి, చిన్నామె కీర్తిక. యోగలక్ష్మి ఇల్లు చూసుకుంటుంది. కీర్తిక ధర్మపురిలో ఒక పెద్ద ఆస్పత్రిలో పిల్లల వార్డు నర్సు. ఇద్దరికీ ఇంచుమించు ఒకే ఈడు బిడ్డలు. ఒకనాడు కీర్తిక డ్యూటీకి బయలుదేరిన కాసేపటికే ఆమె కొడుకు ముత్తుకుమార్ గోడ వదిలి తప్పటడుగులు వేశాడు. అత్త వెంకటలక్ష్మమ్మ వాణ్ణి చంకనెత్తుకుని వీధంతా చెప్పి వచ్చింది.

యోగలక్ష్మి కూడా నవ్వింది. నవ్వుతూనే తన కూతురు మోనిషా వైపు చూసింది. ఆ పిల్ల ఇంకా చాప మీద పాకుతూనే ఉంది. పొద్దున పోయి పొద్దుగూకాక వచ్చే తల్లికి నడిచే కొడుకు, రోజంతా ఒడిలో పెట్టుకు సాకే తల్లికి పాకే కూతురు! ఆమె కడుపు మండింది. ఆ మంట ఆనాటిది కాదు. వీధిలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు కీర్తికనే పిలవడం, ఆమె మాటంటే మగవాళ్ళు సైతం ఆగి వినడం యోగలక్ష్మిని ఏనాటినుంచో కాల్చేవి.

మర్నాడే ఆమె మాదేశ్వరన్ ఆటబొమ్మల అంగడికి పోయి బిడ్డను నిలబెట్టి తిప్పే చక్రాల వాకర్ కొనుక్కొచ్చింది. కీర్తిక దాన్ని చూసి మెల్లగా చెప్పింది.

"అక్కా, ఇది వద్దు. దీంతో నడక రాదు. దీంట్లో దొర్లి పడిన బిడ్డల్ని మా వార్డులో చూస్తానే ఉండాను. కొన్ని దేశాల్లో అమ్మకూడదని సట్టమే పెట్టినారు."

"నా బిడ్డ నడిస్తే నీకేమి కష్టం?" అంది యోగలక్ష్మి. కీర్తిక ముఖం చిన్నబోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించాలి. మనం ఎవరిని చూసి అసూయపడతామో, వాళ్ళు చెప్పే మంచి కూడా మనకు అసూయలాగే వినిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఆస్పత్రి నర్సులు సంఘం కట్టి పోరాటం మొదలుపెట్టారు.

"రోగుల్ని చూసుకొనేవాళ్ళకు సంగమేమి?" అని వెంకటలక్ష్మమ్మ విసుక్కుంది.

"వచ్చే జీతం చాల్లేదేమో అత్తా" అంది యోగలక్ష్మి. ఆ మాట అనడంలో ఆమెకొక తృప్తి కలిగింది.

ఆ తృప్తి ఎంతోసేపు నిలవలేదు. పాలు పొంగుతున్నాయని ఆమె వంటింట్లోకి పోయింది. అంతలో మోనిషా ఉన్న వాకర్ హాలు దాటి, గడప దాటి, మెట్ల మీదినుంచి దొర్లింది. మోనిషా నుదురు రాతికి తగిలింది. పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుని సోలిపోయింది.

ఆస్పత్రి వాకిట్లో పోరాట పందిరి కింద నర్సులతో కూర్చున్న కీర్తిక, ఆటో దిగిన తోడికోడల్ని చూసి పరుగున వచ్చింది. ఇప్పుడు దెప్పుతుందని యోగలక్ష్మి తల దించుకుంది. కీర్తిక బిడ్డను అందుకుని లోపలికి నడిచింది. వాకర్ ఊసే ఎత్తలేదు.

డాక్టరు పరీక్ష చేసి, బిడ్డను వార్డులో ఉంచి గమనించాలన్నాడు. వార్డు నిండా పిల్లలు, చూసే నర్సు తమిళ్‌సెల్వి ఒక్కతే. ఆమె ఒక మూల జ్వరంతో వణికే బిడ్డను పట్టుకుని ఉంటే, ఇంకో మూల సెలైన్ అయిపోయిందని ఒక తల్లి పిలుస్తోంది. మోనిషా మళ్ళీ వాంతి చేసుకుంది. తమిళ్‌సెల్వి వచ్చేలోగా యోగలక్ష్మికి ప్రాణం పోయినంత పనైంది.

"మీరంతా బయట కూర్చుంటే ఈమె ఒక్కతే ఎట్ల చేస్తుంది?" అని కీర్తికను నిలదీసింది.

"డ్యూటీ లేనోళ్ళమే బయట కూర్చున్నాము అక్కా. ఈ వార్డుకు దినమూ ఒక్కరే. ఇంకొకరిని పెట్టమని నేనొక్కదాన్నే పోయి అడిగితే, ఇష్టం లేకుంటే పని మానుకో అన్నారు. అందుకే సంగమైనాము."

యోగలక్ష్మి బిడ్డ తల నిమిరింది. తర్వాత గొంతు తగ్గించి, "నిన్ను చూసి కుళ్ళుకొని కొన్నాను దాన్ని" అంది.

"నేనూ నిన్ను చూసి కుళ్ళుకొన్నదాన్నే అక్కా. ముత్తు మొదట నడిచినప్పుడు నేను బస్సులో ఉండాను. దినమూ బిడ్డ పక్కన ఉండేది నువ్వే కదా" అంది కీర్తిక. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఏడ్చారు.

గండం గడిచి మోనిషా ఇల్లు చేరింది. యోగలక్ష్మి మాదేశ్వరన్ దగ్గరికి పోయి ఇక వాకర్లు అమ్మవద్దని అడిగింది.

"నేను అమ్మకుంటే ఎదురంగడివాడు అమ్ముతాడమ్మా. వానికి బేరమవుతాంటే నేను చూస్తా కూర్చోవాల్నా?" అన్నాడతను.

"అందుకే కదన్నా సట్టం ఉండాల్సింది. నీకూ వానికీ ఒకటే కట్టుబాటు ఉంటే ఎవరూ ఎవర్నీ చూసి కుళ్ళుకొనే పని లేదు."

మాదేశ్వరన్ తల ఊపాడు గాని, వాకర్లను లోపల పెట్టలేదు.

మర్నాడు యోగలక్ష్మి కూతుర్నెత్తుకుని నర్సుల పందిరికి బయలుదేరింది. "నువ్వేమన్నా నర్సువా? నీకేమి పని ఆడ?" అని వెంకటలక్ష్మమ్మ అడిగింది.

యోగలక్ష్మి వాకిట్లో నిలబడి నిదానంగా చెప్పింది: "మంచి అంగడివాడు ఒక్కడుంటే చాలదు, మంచి నర్సు ఒక్కతుంటే చాలదు అత్తా. మన బిడ్డలు చల్లగా ఉండాలంటే అంగళ్ళన్నిటికీ ఒక సట్టం ఉండాల, నర్సులందరికీ ఒక సంగం ఉండాల."