గేర్లు తీసిన సైకిల్

"చేతులు సరిగ్గా కడుక్కున్నావా? పప్పులో కిరసనాయిలు వాసనొస్తోంది" అన్నాడు వీరాంజనేయులు, ముద్ద నోటి దగ్గర ఆపి.

లక్ష్మీదుర్గ రెండుసార్లు సబ్బుతో, ఒకసారి శనగపిండితో కడుక్కుంది. ఆ మాట చెప్పలేదు. పొద్దున్నించి అతని షాపుకొచ్చిన మూడు సైకిళ్ళ చైన్లు కిరసనాయిల్లో కడిగింది ఈ చేతులేనని అతనికి తెలుసు. తెలిసినవాడికి చెప్పడానికి ఏముంటుంది?

పొన్నూరు బస్టాండు వెనక సందులో వాళ్ళ సైకిల్ షాపు ముందుగదిలో, కాపురం వెనకగదిలో. మధ్యలో ఒక తెర. పెళ్ళైన కొత్తలో "కాస్త ఈ చక్రం పట్టుకో" అన్నాడు. తరవాత "ఈ నట్టు బిగించు" అన్నాడు. నాలుగేళ్ళకి అతనికి దగ్గరి చూపు తగ్గింది. కళ్ళజోడు పెడితే మెకానిక్ ముసలాడైపోయాడంటారని పెట్టుకోడు. బేరింగుల్లో గోళీలు పేర్చడం, వంకరపోయిన రిమ్ము సరిచేయడం, ఒక్కొక్కటే తెర వెనక్కి, గ్యాస్ పొయ్యి పక్కకి వచ్చేశాయి. అతను ముందు కూర్చుని టీ తాగుతూ వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడతాడు. మంచివాడు, ఎవరితోనూ గొడవపడడు. "అన్న చెయ్యి పడితే పాత సైకిలైనా కొత్తదైపోద్ది" అంటారు జనం. ఆ మాట కూర తరుగుతూ వింటుంది ఆమె. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు మాత్రం అత్తగారు సుబ్బరావమ్మ ఆమె చేతులు పట్టి చూస్తుంది. "గోరింటాకు దట్టంగా పెట్టుకోవే. పెళ్ళాంతో రిపేర్లు చేయిస్తున్నాడంటే నా కొడుకు మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?" పదకొండేళ్ళుగా ఆమె ఎన్ని సైకిళ్ళు నిలబెట్టిందో గాని, తొక్కడం వచ్చినా వాటిలో ఒక్కదాన్ని కూడా వీధిలో తొక్కి చూడలేదు. తొక్కి చూసేది అతను.

ఆగస్టులో ఉజ్మా వచ్చింది. అయిదు కిలోమీటర్ల అవతల ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. వాళ్ళన్న అష్రఫ్ బండి కొనుక్కుని తన గేర్ల సైకిల్ చెల్లెలికిచ్చాడు. నల్లమట్టి పట్టి గేర్లు బిగుసుకుపోయాయి. "పొలాల మధ్య రోడ్డంతా చదునే కదన్నా, నాకు గేర్లెందుకు? తీసేసి మామూలు సైకిల్ చేసివ్వండి" అంది. "నాలుగింటికి వచ్చెయ్యమ్మా" అన్నాడు వీరాంజనేయులు.

ఆ పని దుర్గకి నచ్చింది. హ్యాండిల్ మీది మీటలు, వైర్లు, చైన్ని పక్కకి నెట్టే సరంజామా అంతా విప్పి పళ్ళెంలో పెట్టింది. వెనక చక్రానికున్న ఏడు పళ్ళచక్రాల గుత్తి తీసి, ఒక్క పళ్ళచక్రమున్న ఫ్రీవీల్ బిగించింది. చైన్ కోసి పొట్టి చేసింది. తిప్పి చూస్తే చైన్ ఏటవాలుగా నడుస్తోంది. పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రానికీ వెనకదానికీ అర వేలు తేడా. ఇరుసుకున్న వాషర్లు అటువి ఇటు మార్చాలి, రిమ్ము మళ్ళీ మధ్యకి తేవాలి, చక్రం వెనక్కి లాగి బిగించాలి. ఇంకా రెండు గంటల పని. అప్పుడే అతను తెర తీశాడు.

"అమ్మాయి వచ్చింది."

"ఇంకా అవలేదండీ. చైను వంకరగా ఉంది, గట్టిగా తొక్కితే ఊడుద్ది. రేపు రమ్మనండి."

"మాటిచ్చాను. నడుస్తుందిలే."

సైకిల్ తోసుకుపోయాడు. "ఇంక నీ బండికి తిరుగులేదమ్మా" అనడం వినిపించింది. పొయ్యి మీద అన్నం పొంగుతోంది. దుర్గ మంట తగ్గించి అక్కడే నిలబడింది.

మూడోనాడు అష్రఫ్ వచ్చాడు. అరవలేదు. కాలవ వంతెన ఎక్కుతూ లేచి తొక్కేసరికి చైన్ ఊడిపోయిందట. ఉజ్మా ముందుకి పడిందట. కుడి మణికట్టు విరిగింది, ముందు పన్ను పోయింది. "నమ్మి ఇచ్చాం కదన్నా" అన్నాడు.

తరవాత వీరాంజనేయులు గొంతు, మెత్తగా: "నేను లేనప్పుడు మా ఆవిడ చెయ్యి పెట్టింది తమ్ముడూ. ఆడాళ్ళు చెప్తే వింటారా?"

తెర వెనక దుర్గ పొయ్యి ఆపి గరిటె కింద పెట్టింది. పదకొండేళ్ళలో బాగుపడిన సైకిళ్ళన్నీ ఆయనవి. విరిగిన మణికట్టు మాత్రం తనదైంది. ఈ పని దుర్గదని మొదటిసారి బయటివాళ్ళకి చెప్పాడు, అదీ ఇలా చెప్పాడు. వెనకగదిలోనే ఉన్న అత్తగారు ఆమె మొహం చూసి, "ఒక్క మాట పడితే నీకేం పోయింది? వాడి పేరు పోతే షాపు పోద్ది" అంది. మర్నాడు వంటవగానే దుర్గ స్పానర్లు, వాషర్లు కూరల సంచిలో వేసుకుని ఉజ్మా వాళ్ళింటికి బయల్దేరింది.

ఉజ్మా తల్లి నస్రత్ గుమ్మంలోనే ఆపింది. "ఇప్పుడు బాగుచేసి ఏం లాభమమ్మా? ఆరు వారాలు చెయ్యి కదపకూడదన్నారు. ఆ స్కూలోళ్ళు ఇంకో టీచర్ని పెట్టేసుకున్నారు."

లోపలినించి ఉజ్మా వచ్చింది. చేతికి కట్టు, పెదవి ఇంకా వాచి ఉంది. "మా అన్న చెప్పింది నిజమేనా అక్కా? నువ్వే చేశావా?"

కాదనడం తేలిక. భర్త మాటకి ఔనని ఊరుకోవడం ఇంకా తేలిక, ఇన్నేళ్ళూ చేసిందదే. "చేసింది నేనే. ఇంకా అవలేదని చెప్పిందీ నేనే. ఆయన వినకుండా తెచ్చి నీకిచ్చేశారు" అంది.

"నేను బయటే నిలబడున్నానుగా అక్కా. ఆ మాట నాతో చెప్పొచ్చుగా."

ఆ రోజు దుర్గ నిలబడ్డ తెర నించి ఉజ్మా దాకా అయిదడుగుల దూరం. ఎవరూ కాళ్ళు కట్టెయ్యలేదు. అన్నం పొంగుతోందని ఆగిందా, పరాయివాళ్ళ ముందుకి రాకూడదని ఆగిందా? ఆయన అబద్ధం ఆయనది. ఆ అయిదడుగులు మాత్రం తనవి. వరండాలో కూర్చుని, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా చక్రం విప్పింది. చైన్ తిన్నగా వచ్చేదాకా రెండు గంటలు పట్టింది. తానే తొక్కుకుంటూ కాలవ వంతెన దాకా వెళ్ళి, లేచి బలంగా తొక్కి, తిరిగొచ్చి సైకిల్ గోడకి చేర్చింది. నస్రత్ మంచినీళ్ళిచ్చింది. ఉజ్మా బయటికి రాలేదు.

ఆ వారంలోనే రైస్ మిల్లు గుమస్తా శ్యామ్ సుందర్ అలాంటిదే గేర్ల సైకిల్ తెచ్చి, గేర్లు తీసెయ్యమన్నాడు. "సాయంత్రానికి ఇచ్చేస్తానండి" అన్నాడు వీరాంజనేయులు. పిండి కలుపుతున్న దుర్గ చెయ్యైనా కడుక్కోకుండా వచ్చి, భర్త పక్కన ఆగకుండా సైకిల్ దగ్గరికి నడిచింది. వంగి వెనక చక్రం ఒకసారి తిప్పింది.

"లోపలికెళ్ళు" అన్నాడు వీరాంజనేయులు నెమ్మదిగా.

ఆమె శ్యామ్ సుందర్ వైపే చూసింది.

"ఎల్లుండి రండి. సైకిల్ నా చేత్తో ఇస్తాను. నేనివ్వకుండా ఎవరిచ్చినా ఎక్కొద్దు."