జిడ్డు

సీసా ఖాళీ అయిన రోజు ఆమె మందుల షాపు నుంచి వచ్చేసరికి అది వంటగట్టు మీద బోర్లించి ఉంది, తళతళలాడుతూ.

"వాసన కొడుతుంటే పారబోసి కడిగానమ్మా" అన్నారు అత్తగారు, చేతికర్ర గోడకి ఆనించి. "పైన నువ్వే రాశావుగా, జిడ్డు అని."

ఆమే రాసింది. ఏ మాటైనా రెండోసారి అడిగితే చాలు, "జిడ్డులా పట్టుకుంటావేం" అంటాడు భర్త. ఆ మాటనే తీసుకెళ్ళి ల్యాబ్‌లో తన సూక్ష్మజీవులకి ముద్దుపేరుగా పెట్టుకుంది. పాత చమురు బావి అడుగు నీళ్ళలో దొరికినవి అవి. మేత వేస్తే సబ్బులాంటి పదార్థం తయారుచేస్తాయి. ఏ పంపుకీ లొంగకుండా రాతిని కరుచుకున్న చమురు దానితో వదులుతుంది. "మా ఆవిడ బయట కూడా గిన్నెలు తోముతుంది, కాకపోతే భూమి లోపల" అని అతను స్నేహితులని నవ్విస్తుంటాడు. వాళ్ళకి కాఫీలు అందిస్తూ ఆమె కూడా నవ్వేది. అత్తగారి తుంటికి ఆపరేషన్ అయినప్పుడు "నీదైతే సర్దుకోగల ఉద్యోగం" అన్నాడు. ఎవరి ఉద్యోగం సర్దుకోనిదో ఆమె అడగలేదు. సెలవు పెట్టింది. మేత వేసే దిక్కులేక ల్యాబ్‌లో ఉన్నవి చచ్చిపోయాయి. మిగిలిన ఒక్క సీసానీ ఇంటికి తెచ్చుకుంది. అత్తగారికి జావ, వాటికి చక్కెర నీళ్ళు, ఒకే పొయ్యి మీద కాచింది.

భర్తకి ఫోన్ చేసింది.

"మళ్ళీ పెంచుకో. పురుగులేగా."

"ఆ బావిలోవే కావాలి. ఎల్లుండి సిమెంటు పోసి మూసేస్తున్నారు. రేపు పొద్దున్నే వెళ్తే నీళ్ళు పట్టుకోవచ్చు."

"అమ్మని ఎవరు చూస్తారు? మీ ఆఫీసులో ఇంకెవరూ లేరా?"

"మీ ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"జిడ్డులా పట్టుకోకు" అన్నాడు.

"పట్టుకున్నాను" అని ఫోన్ పెట్టేసింది.

అత్తగారు అంతా విన్నారు. కర్ర కొసతో సింకు వైపు చూపించారు. "ఒకటి చెప్పనా. ఆ గొట్టం ఎన్నాళ్ళుగానో జిడ్డు పట్టి నీళ్ళు దిగడం లేదు. నీ సీసా పోసి కాసేపయ్యాక గడగడా దిగిపోయింది."

ఇన్నేళ్ళ పనికి ఈ ఇంట్లో దక్కిన మొదటి మెచ్చుకోలు అది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

"నన్నొదిలి పోతావా మరి?"

"పోతాను అత్తయ్యా. మీ అబ్బాయి ఉంటారు."

"వాడికి వంటొచ్చు" అన్నారు అత్తగారు, కాస్త ఆలోచించి. "పెళ్ళయ్యాక మర్చిపోయాడు."

మర్నాడు తెల్లవారుతూండగానే ఆమె బావి దగ్గరికి వెళ్ళే బస్సెక్కింది. బయల్దేరే ముందు అత్తగారికి కాలి వ్యాయామం చేయించలేదు. అన్నం వండలేదు.