ట్రైపాడ్ ఎవరిది

ఇంగ్లండులోని కంబ్రియాలో, రైతు హిల్డా టైసన్ పశువుల కొట్టంలో మేత పాడుచేసే పావురాలను తుపాకీతో కొట్టడానికి అనుమతి దొరకడమంటే మాటలు కాదు. కాగితాలేమీ ఉండవు, ఆమె నోటిమాటే. షరతు కూడా ఒక్కటే. పిట్ట ఒక్క దెబ్బకే ప్రాణం పోయి కింద పడాలి. గాయపడి కొట్టుకుందా, కొట్టినవాడు మళ్లీ గేటు దాటకూడదు. డెస్మండ్ హార్కర్ ఏళ్ల తరబడి ఆ షరతు నిలబెట్టుకున్నాడు. దాంతో కళ్లు కాస్త నెత్తికెక్కాయి కూడా.

కిందటేడు స్నేహితుడు విల్ఫ్ తన ఎయిర్ గన్‌ని ఆనించుకోవడానికి మూడు కాళ్ల ట్రైపాడ్ కొనుక్కుంటే, డెస్మండ్ పబ్బులో అందరి ముందూ నోరు పారేసుకున్నాడు. "ఏరా, నీ తుపాకీకి మూడు కాళ్లొచ్చాయట! రేపు దానికి చెప్పులు కూడా కొంటావా?" అందరూ పగలబడి నవ్వారు. విల్ఫ్ కూడా నవ్వి, బీరు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు డెస్మండ్ చేతులే వణుకుతున్నాయి. గుట్టుచప్పుడు కాకుండా తనూ ఓ ట్రైపాడ్ కొన్నాడు. ఎలా బిగించాలో విల్ఫ్‌ని అడిగితే ఇట్టే చెప్పేవాడు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

ఆ ఉదయం విల్ఫ్ కారు దగ్గర టీ పోసుకుంటుండగానే డెస్మండ్ కొట్టంలోకి దూరాడు. కాళ్లు విప్పి నిలబెట్టి, క్లాంపును బారెల్ కిందున్న గాలి గొట్టానికి పట్టించి మర గట్టిగా తిప్పాడు. తుపాకీ రాయిలా నిలబడింది. చూసి మురిసిపోయాడు. ముందుగా అట్టముక్క మీద కాల్చి గురి సరిచూసుకోవడం ఏనాడూ మానని మనిషి, ఎక్కడ విల్ఫ్ వచ్చి చూస్తాడోనని ఇవాళ మానేశాడు.

దూలం మీద పావురం కనబడింది. తలకి గురిపెడితే రెక్కకి తగిలింది. అది దూడల మధ్య పడి గడ్డిలో గిలగిలా కొట్టుకుంది. డెస్మండ్ తుపాకీ వదిలి లేచేలోపే, చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన విల్ఫ్ దాన్ని పట్టుకుని, మెడ విరిచి బాధ తీర్చాడు. అప్పుడు ట్రైపాడ్ చూశాడు.

"గొట్టానికి బిగిస్తే బారెల్‌ని పక్కకి లాగేస్తుందిరా. తుపాకీ చెక్కకి పట్టించాలి," అంటూ మర మీద చెయ్యి వేశాడు. "నన్నడగొచ్చుగా?"

అంతలో హిల్డా దూడల పాలబకెట్టుతో వచ్చింది. గడ్డి మీద ఈకలు, విల్ఫ్ చేతిలో నెత్తురోడే పావురం, పక్కన ట్రైపాడ్.

"కొట్టుకుని చచ్చింది కదూ? ఈ ట్రైపాడ్ నీదే అయ్యుంటుంది విల్ఫ్, డెస్మండ్‌కి దీంతో పనేముంది? నా షరతు తెలుసుగా. ఇక రావద్దు."

విల్ఫ్ డెస్మండ్ వైపు చూశాడు. డెస్మండ్ చూపు తిప్పుకున్నాడు. విల్ఫ్ పావురాన్ని గట్టు మీద పెట్టి, "సరేనమ్మా," అని బయటికి నడిచాడు. అతను గేటు దాకా వెళ్లాక డెస్మండ్ హిల్డా దగ్గరికి నడిచాడు.

"హిల్డమ్మా, అది నాది. కొట్టింది నేను. నా చేతులు వణుకుతున్నాయి."

హిల్డా బకెట్టు కింద పెట్టింది.

"మరి వాడు గేటు దాకా పోతుంటే చూస్తూ నిలబడ్డావేం?"

డెస్మండ్ సిగ్గుతో చచ్చిపోయాడు. హిల్డా విల్ఫ్‌ని కేకేసి వెనక్కి పిలిచింది. ఇక ఆ గేటు దాటకూడనిది తనే కాబట్టి, డెస్మండ్ ట్రైపాడ్ విప్పుకుపోదామని మోకరిల్లి మర తిప్పబోయాడు. వేళ్లకి పట్టు చిక్కలేదు. విల్ఫ్ పక్కన కూర్చుని మర వదులు చేసి, మూడు కాళ్లూ మడిచి చేతికిచ్చాడు. ఒక్క ఎగతాళి మాట అన్నా డెస్మండ్ ప్రాణం తెరిపిన పడేది. విల్ఫ్ అనలేదు.