రన్‌వే కుడి సగం

మేం దిగవలసిన రన్‌వేలో ఎడమ సగమే ఉంది. మధ్య తెల్లగీత దాకా నల్లటి తారు, గీతకు ఇవతల రొయ్యల చెరువులు. ఇందులో వింతేమీ లేదు. ఎడమ సీట్లో ఉన్న కెప్టెన్ "కనిపించింది" అంటే ఎడమ సగం వస్తుంది. కుడి సీట్లో ఉన్న కో-పైలట్‌ని, నేను అంటే కుడి సగం వస్తుంది. ఇద్దరూ ఆ మాట అనకుండా కంటిచూపుతో విమానం దించకూడదని మా నియమం.

కెప్టెన్ సదానందం గారు అనేసి అర నిమిషమైంది. నేను ఇంకా అనలేదు.

సాయంత్రం నాలుగు. ఆకాశంలో మబ్బు తునక లేదు. చక్రాలు దించేశాం. వెనక అరవై ఎనిమిది మంది బెల్టులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ ఒక్క మాట అంటే రన్‌వే నిండుతుంది, వాళ్లంతా సంచులు తీసుకుని ఇళ్లకు వెళ్తారు. కానీ ఆ రన్‌వే నాకు నచ్చడం లేదు.

"నీరజా, కనిపించిందా?" అంటారు సదానందం గారు.

"చూస్తున్నాను సార్."

"చూడ్డానికేముందమ్మా? నేను చూశాగా."

మా ఉద్యోగాలు నడిచేదే ఈ మాట మీద. పెద్దవాళ్లు చూశారంటే చిన్నవాళ్లం చూసినట్టే. మూడేళ్లుగా నేను తల దించుకుని, ఒళ్లో కాగితాలు సర్దుకుంటూనే "కనిపించింది సార్" అంటున్నాను. తలెత్తి చూస్తే ఆయన మాట మీద నమ్మకం లేదనుకుంటారేమోనని భయం. ఈ రోజు పెన్ను జారి కిటికీ వైపు దొర్లింది. దానికోసం వంగినప్పుడు నేల చూశాను.

నేల మీద నా కుడి సగాలన్నీ పడి ఉన్నాయి. చూడకుండా అన్న ప్రతిసారీ ఒకటి వచ్చింది కదా, దిగాక వాటిని ఎవరూ తీసినట్టు లేదు. చెరువుల మధ్య అడ్డదిడ్డంగా వందల కొద్దీ ఉన్నాయి. కొన్నిటి మీద ఎండుచేపలు ఆరబోశారు. ఒకదాని మీద ఎవరో స్కూటర్ నేర్చుకుంటున్నారు. ఎడమ సగాలు మాత్రం ఒక్కటీ లేవు. అంటే సదానందం గారు ఇన్నాళ్లూ ఒకే సగాన్ని తిప్పి తిప్పి వాడుతున్నారన్నమాట.

నేను ఆయన్ని ఓరకంట గమనిస్తాను. ఆయన కొంచెం ఎడమకు చూస్తే రన్‌వే జరిగి కాలువ పక్కకు వెళ్తుంది. కుడికి చూస్తే రెండు చెరువులు దాటి ఇటు వస్తుంది. ఆయన తుమ్ముతారు. అది మాయమై, కళ్లు తెరిచేసరికి మళ్లీ ఆయన ముక్కుకు సూటిగా పడుకుని ఉంటుంది. అతి వినయం ధూర్త లక్షణం అంటారు. ఇంత వినయం ఉన్న రన్‌వేని నేను పుట్టాక చూడలేదు.

దాని పక్కన నాలుగు దీపాలున్నాయి. రెండు ఎర్రగా, రెండు తెల్లగా వెలిగితే మేం సరైన ఎత్తులో ఉన్నట్టు. మరీ కిందికొస్తే నాలుగూ ఎర్రబడాలి. మేం వెయ్యి అడుగులకు దిగాం, తొమ్మిది వందలకు దిగాం, నిటారుగా పడుతున్నట్టే ఉంది. అవి రెండు ఎరుపు, రెండు తెలుపుగానే ఉన్నాయి. సదానందం గారు వాటిని చూసి తృప్తిగా తలూపుతారు. అవి కూడా తిరిగి తలూపుతాయి.

నేను రేడియోలో టవర్‌ని పిలుస్తాను. అక్కడ డ్యూటీలో ఉన్నది మస్తాన్‌వలి గారు. గొంతు వినడమే తప్ప మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"మేం మీకు కనిపిస్తున్నామా అండీ?"

"బ్రహ్మాండంగా కనిపిస్తన్నారండి."

"ఎక్కడున్నాం?"

"మీరెక్కడున్నామంటే అక్కడేనండి."

ఈ జవాబు విని రేడియో మైకు ఆపడం కూడా మర్చిపోతాను.

తలుపు తోసుకుని ఎయిర్‌హోస్టెస్ ప్రిస్కిల్లా వస్తుంది. పన్నెండో వరుసలో వీరమ్మ గారనే ఆవిడ గొడవ చేస్తోందట. ప్రిస్కిల్లా వెనకాలే ఆవిడ గొంతు వినిపిస్తుంది.

"ఏమ్మా, అది మా చెరువు! ఆ గట్టు మీద ఎర్రచొక్కా ఏసుకుని నిలబడ్డది మా ఆయన. రన్‌వే మీద మా ఆయనకేం పని?"

నేను చూస్తాను. తారు మీద ఎర్రచొక్కా మనిషి ఉన్నాడు. మోకాళ్ల దాకా నీళ్లలో ఉన్నవాడిలా ఒక్కో అడుగూ ఎత్తి వేస్తున్నాడు. తల పైకెత్తి, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు.

"నాలుగు వందల అడుగులు. అనమ్మా," అంటారు సదానందం గారు. ఆయన గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టు ఉంది. అదే నాకు మరీ అనుమానంగా ఉంది.

నోరు తెరుస్తాను. అలవాటైన మాట అప్పటికే నాలుక మీద కూర్చుని ఉంది. దాన్ని మింగడానికి మంచినీళ్లు తాగాల్సివస్తుంది.

"కనిపించలేదు సార్."

ఎడమ సగం ఆగిపోతుంది. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు అటూ ఇటూ చూసి, అంచు నుంచి చాపలా చుట్టుకుంటూ వెళ్లిపోతుంది. అది లేచిన చోట నీళ్లు, వాటి మీద రొయ్యల కోసం గాలి చిలుకుతున్న చక్రాలు, గట్టు మీద ఎర్రచొక్కా. ఒక్కరు కనిపించలేదన్నా విమానం పైకెత్తాలి. సదానందం గారు ఎత్తుతారు. ఎర్రచొక్కా మనిషి మా కింద చిన్నగా అయిపోతాడు.

విమానం మళ్లీ ఎత్తుకు చేరాక ఆయన నా వైపు తిరుగుతారు.

"నాకూ కనిపించలేదమ్మా."

"ఎప్పటి నుంచి సార్?"

"ఎనిమిదేళ్లవుతుంది. ఎండ పడ్డాక నీళ్లూ తారూ నాకు ఒక్కలాగే ఉంటాయి. ముందు నేననేస్తే, ఎటూ నువ్వు చూసే అంటావు కదా అని ధైర్యం. నీకు ముందు భాస్కర్రాజు ఉండేవాడు. వాడూ చూసే అనేవాడు."

"భాస్కర్రాజు తలెత్తేవాడా సార్?"

ఆయన తల దించుకుని ఒళ్లో కాగితాలు సర్దుకుంటారు.

నాకు ఒళ్లు మండిపోతుంది. ఆయన మీద ఎంతో, నా మీద అంతకు రెట్టింపు. ఇన్నాళ్లూ గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎక్కడో దిగుతూనే ఉన్నాం. ప్రయాణికులు ప్యాంట్లు పైకి మడుచుకుని, చెప్పులు చేతపట్టుకుని దిగేవాళ్లు. ఉక్కపోతకేమో అనుకున్నాను.

రేడియో గరగరమంటుంది. టవర్‌లో మస్తాన్‌వలి గారు అంతా విన్నట్టున్నారు.

"అట్టా అనొచ్చని నాకు తెలవదండి. తెలిస్తే ఎప్పుడో అందును. మీరు నాకు కనిపించట్లేదు."

ఆ మాటతో ముందు అద్దం పోతుంది. తర్వాత రెక్కలు, ఇంజన్లు, చక్రాలు, పైకప్పు పోతాయి. సీట్లు మాత్రం ఉంటాయి, వాటిలో కూర్చున్నవాళ్లకు వాటి సంగతి తెలుసు కాబట్టి. వరుసలు వరుసలుగానే గాలిలో మెల్లగా దిగుతున్నాం. ఎవరూ అరవడం లేదు. ప్రిస్కిల్లా తన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటుంది. వీరమ్మ గారు మాత్రం, "ఇప్పుడు బాగా కనిపిస్తంది," అంటుంది.

నిజంగానే కనిపిస్తోంది. బాగా ఎడమకు, సరుగుడు తోటల వెనక, ఒక రన్‌వే ఉంది. కురచగా, వెలిసిపోయి, అంచుల్లో గడ్డి మొలిచి ఉంది. నాకు నమ్మకం కలగదు. తల తిప్పుకుని మళ్లీ చూస్తాను, కదలలేదు. కళ్లు మూసుకుని పది లెక్కపెట్టి తెరుస్తాను, కదలలేదు. మా వైపు కన్నెత్తి కూడా చూడటం లేదు. మూడోసారి కూడా అలాగే ఉన్నాక అంటాను.

"కనిపించింది సార్."

"ఎక్కడమ్మా?"

మూడేళ్లలో జవాబు తెలియక ఆయన నన్నొక ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. నేను ఆయన గడ్డం పట్టుకుని ముఖం అటు తిప్పుతాను. ఆయన కళ్లు చికిలించి చూస్తారు. నేను తొందరపెట్టను.

"గడ్డి ఉంది," అంటారు చివరికి. "అంచుల్లో గడ్డి ఉంది కదూ?"

"ఉంది సార్."

మేం సరుగుడు తోటల మీదుగా అటు జరుగుతాం. చక్రాలు లేవు కదా అని ముందుగా గుర్తొచ్చేది వీరమ్మ గారికే. ఆవిడ చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకుని, రెండు కాళ్లూ కిందికి చాపుతుంది. ఆవిణ్ణి చూసి పక్కాయన, ఆయన్ని చూసి వెనకాయన, చివరికి సదానందం గారు కూడా వంగి బూట్ల లేసులు విప్పుతారు. డెబ్భై ఒక్క జతల వట్టి కాళ్లు, బొటనవేళ్లతో గాలిని తడుముకుంటూ దిగుతున్నాయి.

"నేల తగిలిందా?" అని అడుగుతాను.

ఎవరి కాళ్లు వాళ్లు తడిమి చూసుకుని, ముందు వరుస నుంచి వెనక వరుస దాకా ఒక్కొక్కరే జవాబు చెబుతారు. ఇంకా లేదు. ఇంకా లేదు. కింద రన్‌వే మీద మా పాదాల నీడలు ఎప్పుడో దిగిపోయాయి. జతలు జతలుగా వరుసలో నిలబడి, రండి, వచ్చేశారు, ఇంక తగిలిందనండి అని మడమలెత్తి పిలుస్తున్నాయి. ఒక్కరూ ఆ మాట అనడం లేదు.