ముత్యాలు తిన్న బోనాలు

కూతురు డాక్టరైందని దశరథానికి ఎంత సంబరమో, ఏ డాక్టరో చెప్పడానికి అంత మొహమాటం. సూరత్‌లో, తెలుగువాళ్ళుండే లింబాయత్ వెనక గల్లీలో ముప్పై ఏళ్ళుగా సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తున్న మనిషి. పిల్లను నవసారి పంపి పశువైద్యం చదివించాడు. అడిగినవాళ్ళకు మాత్రం "మా పద్మారాణి డాక్టరు" అని చెప్పి అక్కడితో ఆపేసేవాడు. ఇంకేముంది, కరోనా రాగానే గల్లీలో ఎవరికి దగ్గొచ్చినా వాళ్ళ గడప ముందే నిలబడేవారు. "బాపూ, నేను బర్ల డాక్టర్ని" అని ఆ పిల్ల నెత్తీనోరూ కొట్టుకుంటే, "దగ్గు దగ్గే గదనే, జర సూడు" అనేవాడు. మగ్గాల మోతకు చెవులు సగం పోయినవాడు కనుక ఆ మాట గల్లీ చివరిదాకా వినిపించేది.

ఆ ఏడు ఆషాఢంలో బోనాల పండుగ ఇళ్ళల్లోనే అయిపోయింది. డప్పుల్లేవు, ఊరేగింపు లేదు, పల్సానా నుంచీ కామ్‌రేజ్ నుంచీ ఏటా వచ్చే చుట్టాలు లేరు. ఎవరింట్లో వాళ్ళు వండుకుని పోచమ్మ తల్లికి మొక్కుకోవాలని పెద్దలు తీర్మానించారు. మొక్కులైతే ఇంట్లో కుదిరాయి గానీ, చేతి కొలత ఎక్కడికి పోతుంది? ప్రతి ఇల్లాలూ ఏటా వేసినన్ని బియ్యమే వేసింది, వేసినంత బెల్లమే వేసింది. వండాక చూసుకుంటే తినేవాళ్ళు నలుగురు.

పండుగ మర్నాడు, సోమవారం తెల్లవారుతూనే రాజమ్మ వచ్చి దశరథం తలుపు దబదబా బాదింది.

"పద్మా! ముత్యాలు మేత ముడ్తలేదే! నెమరేస్తలేదు, లేసి నిలబడ్తలేదు. జల్ది రా బిడ్డా!"

రాజమ్మది ఒంటి బతుకు. మొగుడు పోయి పదేళ్ళయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక బర్రె. పేరుకు ముత్యాలు, రంగుకు కాటుక. లాక్‌డౌన్‌లో పాల పాకెట్లు దొరకని రోజుల్లో గల్లీ పిల్లలందరి లోటాల్లోకీ పాలిచ్చింది ఆ బర్రే. రాజమ్మ ఒక్కనాడూ ఎవరినీ పైసా అడగలేదు. అందుకే ముత్యాలుకు జబ్బు చేసిందంటే గల్లీకంతా ప్రాణం మీదికొచ్చినట్టే.

పద్మారాణి మాస్కు కట్టుకుని, సంచీ తీసుకుని పరుగెత్తింది. బర్రె తల వేలాడేసి పళ్ళు కొరుకుతూ ఉంది. ఎడమ డొక్క నిండుగా ఉబ్బింది. పిడికిలితో నొక్కితే కలిపిన పిండిలోకి దిగినట్టు గుంట పడి అట్లాగే ఉండిపోయింది. పేడ పల్చగా, పుల్లటి వాసనతో ఉంది. స్టెతస్కోపు పెట్టి ఎంతసేపు విన్నా కడుపులో కదలిక లేదు.

"అత్తా, నిన్న ఏం పెట్టినవ్ దీనికి?"

"గడ్డి గాక ఇంకేం పెడ్తరే? కొత్తగ అడుగుతవేంది!" అని రాజమ్మ కసురుకుంది.

పద్మారాణికి నమ్మకం కుదరలేదు. సన్నటి సూదితో డొక్కలోంచి నాలుగు చుక్కల నీరు తీసింది. పులుపు చూసే కాగితం మాత్రం ఆమె దగ్గర లేదు, కొట్లన్నీ మూసి మూడు వారాలైంది. పక్కింటి పరమేశ్ పల్సానాలో రంగుల మిల్లులో పనిచేస్తాడు. బట్టకు రంగు పట్టేముందు ఆ కాగితం ముంచి చూడటమే అతని ఉద్యోగం. అడగగానే జేబులోంచి తీసిచ్చాడు. ముంచిన కాగితం వంక చూసి, డాక్టరు కన్నా ముందు అతనే నోరు తెరిచాడు.

"ఏంది డాక్టరమ్మా, బర్రె కడుపుల గింత యాసిడా? మా మాస్టర్ సూస్తే మొత్తం మాల్ వాపస్ అంటడు!"

ఆరు దాటి ఉండాల్సిన పీహెచ్ ఐదుకు దిగింది. గడ్డి తిన్న కడుపు అట్లా పులియదు. అన్నం తింటే పులుస్తుంది. పద్మారాణి వెంటనే నవసారిలో తనకు పాఠం చెప్పిన సారుకు ఫోన్ చేసింది. ఆయన ఒకటే మాట చెప్పాడు. "ఎంత తిన్నదో తెలుసుకో. కొంచెమైతే సోడా నీళ్ళు పట్టించు, సర్దుకుంటుంది, నీరసంగా ఉన్న గొడ్డును గొట్టాలు వేసి హింస పెట్టకు. బాగా తిన్నదంటే సోడాకు లొంగదు. గొట్టం వేసి కడుపు కడగాలి, అదీ ఇప్పుడే. మధ్యాహ్నం దాటిందంటే నీ చేతుల్లో ఏమీ ఉండదు."

ఎంత తిన్నదో ఎవరు చెప్పాలి? పద్మారాణి గల్లీ మధ్యలో నిలబడి అరిచింది. "నిన్న ముత్యాలుకు అన్నం పెట్టిందెవరు?"

కిటికీల్లోంచి తలలు కనిపించాయి. భూదేవి ఒక్కతే గొంతు సవరించుకుని, "నేనొక్క పిడికెడు, ప్రసాదమని..." అంది.

"పిడికెడు తింటే గంతగనం ఉబ్బుతదా? మనుషులేనా మీరు? గొడ్డు సస్తుంది ఆడ!" అని పద్మారాణి మండిపడింది.

అంతే. తెరిచిన నోళ్ళు కూడా మూతబడ్డాయి, ఒకటీ అరా కిటికీలు కూడా మూసుకున్నాయి. కోప్పడితే నిజం చెప్పే మనిషి ఈ భూప్రపంచంలో ఎక్కడున్నాడు గనుక! పద్మారాణి తన నోటిని తనే తిట్టుకుంది. గడియారం తొమ్మిది దాటింది. అవతల రాజమ్మ బర్రె మెడ పట్టుకుని "నా తల్లీ, నా ముత్యాలూ" అని గుండెలవిసేలా ఏడుస్తోంది.

ఆ పిల్ల ఒక్క నిమిషం ఆలోచించి, ఈసారి గొంతు తగ్గించింది.

"అక్కలారా, వదినెలారా, నేను ఎవ్వరిపేరూ అడగ. ఒక్క మాట కూడా అన. మీరు ఏ గిన్నెల తెచ్చి పెట్టిన్రో ఆ గిన్నె గడప ముందర పెట్టి, తలుపేసుకొని లోపటికి పోన్రి. నాకు గిన్నెలు కనిపిస్తే సాలు."

అని, గోడకేసి తిరిగి నిలబడింది. వెనక గడియలు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. కాసేపటికి గల్లీ అంతా సద్దుమణిగాక తిరిగి చూసింది.

మొదటి గడప ముందు చిన్న సర్వ. రెండో గడప ముందు పసుపు ఆరని బోనం కుండ. మూడోదాని ముందు స్టీలు డబ్బా. భూదేవి చెప్పిన పిడికెడు, ఇద్దరు మనుషులు కడుపునిండా తినే తపేలా! అట్లా ఆ కొస నుంచి ఈ కొస దాకా గడపగడపకూ ఒక గిన్నె. ఎవరికి వాళ్ళు తామొక్కరమే పెట్టామనుకున్నారు. పాలిచ్చి పిల్లల్ని సాకిన తల్లికి పండగపూట ఇంత పెట్టకపోతే ఎట్లా అని, పక్కింటివాళ్ళు చూడకుండా పోయి పెట్టొచ్చారు. రాజమ్మ గడప ఒక్కటే ఖాళీగా ఉంది.

లెక్క వేసుకుంటూ నడిచిన పద్మారాణి తన ఇంటి ముందుకొచ్చి ఆగిపోయింది. గడప ముందు పోచమ్మ గుడిలో నైవేద్యం వండే పెద్ద గంజు ఉంది. పదిమందికి సరిపోయే గంజు. గుడి తాళంచెవి దశరథం దగ్గరే ఉంటుంది.

తలుపు తోసింది. దశరథం మూలన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"తల్లి ప్రసాదం పారబొయ్యద్దని పెట్టిన బిడ్డా" అన్నాడు. గుసగుసగానే అన్నాననుకున్నాడు, పాపం, గల్లీ అంతా విన్నది. "నేనే సంపిన్నానే దాన్ని?"

నిన్నటి దాకా ఏం చెప్పినా వినని ఆ మనిషి పసివాడిలా చూస్తుంటే పద్మారాణి వెళ్ళి పక్కన కూర్చుంది. చెవి దగ్గరికి వంగి అరిచింది. "ఇంకా సావలే బాపూ! లే! గొట్టం ఎయ్యాలె, తల నువ్వే పట్టాలె!"

ఇక చూడాలి ఆ గల్లీని! మూసిన తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. గోరువెచ్చటి నీళ్ళ బకెట్లు మనిషికీ మనిషికీ గజం దూరం పాటిస్తూ చేతులు మారాయి. దశరథం బర్రె దవడల మధ్య, గొట్టం దూరేలా బెజ్జం ఉన్న కట్టె పెట్టి, తల కదలకుండా పట్టాడు. పద్మారాణి గొట్టం మెల్లగా దించి, అది ఊపిరితిత్తుల్లోకి పోలేదని రెండుసార్లు సరిచూసుకుని, నీళ్ళు పోసింది. గొట్టం కొస కిందికి వంచగానే బుడబుడమంటూ అన్నం, బెల్లం, పులిసిన నీళ్ళు బయటికొచ్చాయి. పోయడం, వంచడం. పదిసార్లు, పదిహేనుసార్లు. వచ్చిన మెతుకుల్ని చూసి "అగో, అది మా సన్నబియ్యం" అని భూదేవి అనేసి నాలిక్కరుచుకుంది. ఏడుస్తున్న రాజమ్మ కూడా ఫక్కున నవ్వింది.

సోడా కావాలనగానే పరమేశ్ మిల్లు నుంచి తెచ్చుకున్న సంచీ ఎత్తుకొచ్చాడు. "అది బట్టలుతికే సోడా అన్నా, పేగులు కాలిపోతయ్! తినేది గావాలె!" అని పద్మారాణి గద్దించింది. అతను నాలుక కరుచుకుని, ఢోక్లాలు చేసే దుకాణం సేఠ్‌ను లేపి, అతని దగ్గరున్న వంట సోడా అంతా తెచ్చాడు. అది నీళ్ళలో కలిపి గొట్టంలో పోసి, మెడ నరానికి సెలైన్ ఎక్కించి, సీసాను రేకుల కప్పు వాసానికి వేలాడదీసేసరికి పన్నెండు దాటింది.

ఇక ఎదురుచూడటమే మిగిలింది. సరిగ్గా అప్పుడే, నెలల తరబడి మూతపడ్డ వెనక కార్ఖానాలో మగ్గాలు మొదలయ్యాయి. ఇంకే రోజూ దొరకలేదు వాళ్ళకు! ఆ దడదడలో స్టెతస్కోపులో కూడా మగ్గాల మోతే తప్ప ఇంకేం వినపడటం లేదు. పద్మారాణికి ఏడుపొచ్చినంత పనైంది.

"జరుగు" అన్నాడు దశరథం. పిడికిలి డొక్కలో గుచ్చి, కళ్ళు మూసుకున్నాడు. "సాంచెకు ఏమైందో నేను చెవులతోని విన్ననానే ఎన్నడన్న? ఫ్రేము మీద చెయ్యి పెడితే అదే చెప్తది."

గంట గడిచింది. ఆయన కదల్లేదు. గల్లీ కూడా కదల్లేదు. మూడు గంటల వేళ ఉన్నట్టుండి కళ్ళు తెరిచాడు.

"ఎత్తింది" అన్నాడు. కాసేపాగి, "మళ్ళ ఎత్తింది బిడ్డా! నడుస్తుంది! కడుపు నడుస్తుంది!"

పద్మారాణి పిడికిలి పెట్టింది. లోపల బరువుగా ఒక అల లేచి, ఆమె వేళ్ళను బయటికి నెట్టి, మెల్లగా జారింది. అంతలో ముత్యాలు మెడ చాచి, ఎదురుగా ఉన్నవాళ్ళందరి మాస్కులు దాటేలా పుల్లటి తేన్పు ఒకటి తేన్చింది. ఆ కంపుకు మొహం తిప్పుకున్నవాడు ఒక్కడు లేడు. చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున పద్మారాణి వెళ్ళేసరికి ముత్యాలు కాళ్ళు మడుచుకుని పడుకుని, కళ్ళు సగం మూసి నెమరేస్తోంది. దశరథం అప్పటికే అక్కడికి చేరి, రాజమ్మ ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"తప్పు నాది చెల్లే. గంజెడు పెట్టిన. ఏమన్న అను, పడ్త."

రాజమ్మ ఆయన మొహంలోకి చూడలేదు. కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఆఖరికి, "అన్నా, అందరికన్న ముందు పెట్టింది నేనే" అంది.

పద్మారాణి ఉలిక్కిపడింది. "గడ్డి తప్ప ఏం పెట్టలే అన్నవు గదత్తా!"

"పెట్టలే అన్ననా? గడ్డి గాక ఇంకేం పెడ్తరే అని అడిగిన." రాజమ్మ ముత్యాలు మెడ నిమిరింది. "బోనం కుండెడు దాని ముందర పెట్టి, పక్కన కూసొని నేనూ తిన్న. ఏటేట ఇల్లు నిండ మంది ఉండేది. ఈ ఏడు ఎవ్వలు రాకపోతిరి. పండుగపూట ఒక్కదాన్నే కూసొని ఎట్ల తింటనే?"

పద్మారాణికి కోపం రాలేదు. ఇంకో కుండెడు కూడా లెక్కలో ఉందని నిన్న తెలిసుంటే, అంత తిండికి గొట్టం చాలదు, కడుపు కోయడం తప్ప దారి లేదనుకునేది. తోడు డాక్టరు లేకుండా ఒక్కతే కోసే ధైర్యం లేక చేతులెత్తేసి ఉండేది కూడా. వెళ్ళి రాజమ్మను గట్టిగా పట్టుకుంది. గజం దూరం ఆ ఒక్కసారికి ఎవరికీ గుర్తు రాలేదు.

"ఏమంటుంది? ఏమంటుందే?" అని దశరథం కంగారుగా అడిగాడు.

"ఒక్కదాన్నే తినలేనంటుంది బాపూ!" అని పద్మారాణి ఆయన చెవిలో అరిచింది.

ఆ తర్వాతి ఆదివారం, ఆషాఢంలో ఆఖరి బోనం నాడు, గల్లీలో ఏ ఇంట్లోనూ విస్తరి వేయలేదు. ఎవరి గిన్నె వాళ్ళు పట్టుకుని, రాజమ్మ గడప నుంచి ఆ కొస దాకా దూరదూరంగా బారుగా కూర్చున్నారు. దశరథం గంజు మోసుకొచ్చి రాజమ్మకు మొదటి ముద్ద తనే వడ్డించాడు. రాజమ్మ అందరినీ పేరుపేరునా పిలిచి, వద్దన్నా వినకుండా మారు పెట్టి, నవ్వుతూ ఏడుస్తూ కడుపునిండా తిన్నది. ముత్యాలుకు మాత్రం ఒక్క మెతుకు ఎవరూ వెయ్యలేదు.